చిటికెడు ఇసుక

ఉదయం పదకొండు గంటలకు మెకానిక్ తన షాపులో, పెద్దాయన తెచ్చిన పాత టేబుల్ ఫ్యాన్ ఆయిల్ కప్పు మూత విప్పాడు. లోపల ఇసుక ఉంది.

"ఏంటి బాబాయ్, మళ్ళీనా?"

"గాలికి పడి ఉంటుందిలే," అన్నాడు పెద్దాయన, స్టూలు దగ్గరికి లాక్కుంటూ.

"బిగించిన మూతలోకా? మీ ఇంటి గాలికి స్క్రూడ్రైవర్ పట్టడం కూడా వచ్చన్నమాట!"

ఆ ఇసుక పోసింది పెద్దాయనే. కిటికీలో ఉన్న పూలకుండీలోంచి చిటికెడు తీసి పోసి, మూత బిగించాడు. ఫ్యాన్ కీచుమంటేనే ఈ షాపుకు రావడానికి సాకు దొరుకుతుంది. నోరు విప్పి మాట్లాడటానికి ఆయనకున్నది ఈ షాపొక్కటే.

మెకానిక్ ఇసుకను కాగితం మీదికి దులిపి పొట్లం కట్టాడు.

"మీ ఇసుక మీకిచ్చెయ్యనా, పారెయ్యనా?"

"నాదెందుకవుతుందోయ్!"

మెకానిక్ పొట్లం జేబులో వేసుకున్నాడు. రెక్కలు ఊడదీసి సబ్బునీళ్ళతో కడిగాడు. షాఫ్టు మీది జిడ్డు వదిలేదాకా కిరసనాయిలు గుడ్డతో రుద్దాడు. మధ్యలో ఫ్లాస్కు తీసి రెండు గ్లాసుల్లో టీ పోశాడు. పెద్దాయన తన మోకాలి నొప్పి గురించి, పై వాటాలో మొరిగే కుక్క గురించి చెప్పాడు. షాపుకు ఇంకెవరూ రాలేదు.

"ఇప్పుడు ఫ్యాన్లు ఎవరు బాగుచేయించుకుంటున్నారు బాబాయ్? పాడైతే అవతల పారేసి కొత్తది కొనుక్కుంటున్నారు."

"ఇది ముసలిది, నేను ముసలోణ్ణి. ఒకర్నొకరం ఎక్కడ పారేసుకుంటాం?"

మెకానిక్ నవ్వి, షాఫ్టుకు నూనె పట్టించి రెక్కలు బిగించాడు. స్విచ్ వేశాడు. ఫ్యాన్ చప్పుడు లేకుండా తిరిగింది.

"చూశారా? చీమ నడిచినట్టుంది. ఇంక పదేళ్ళదాకా నా మొహం చూడక్కర్లేదు."

"పదేళ్ళా?" అన్నాడు పెద్దాయన.

"ఏం, చాలవా? ఉండండి, మూత బిగించి తెస్తా."

ఫ్యాన్‌ను లోపలి బల్ల మీదికి తీసుకెళ్ళి, అటు తిరిగి మూత బిగించి తెచ్చాడు.

"జాగ్రత్త బాబాయ్. మెట్లు చూసుకుని దిగండి."

ఇంటికొచ్చాక పెద్దాయన ఫ్యాన్ ముందు కూర్చున్నాడు. అది తిరుగుతూనే ఉంది. కీచుమంటుందేమోనని చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. లేదు. ఆ పూట పై వాటాలో కుక్క కూడా మొరగలేదు.

ఆయన ఫ్యాన్ ఆపాడు. పూలకుండీలోంచి చిటికెడు ఇసుక తీసుకున్నాడు. రెండో చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆయిల్ కప్పు మూత విప్పాడు.

ఒక్క రేణువు కూడా షాఫ్టు మీద పడకుండా అడుగున నూనెగుడ్డ కుక్కి ఉంది. ఆ గుడ్డ మీద చిటికెడు ఇసుక అప్పటికే ఉంది.