రౌండుకొక్కసారి

"ఇంకొక్కసారి ఆ పదకొండో నంబరు ఊసెత్తావంటే మైకు లాక్కుంటాను," అన్నాడు మేనేజరు.

ఇరవై రౌండ్ల రేసులో అప్పటికి మూడే అయ్యాయి. అనౌన్సరు మైకుకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ట్రాక్ మీదున్న కార్ల గురించే కదండీ చెప్పాలి?"

"ట్రాక్ మీద పద్నాలుగు కార్లున్నాయి. నువ్వు అన్నిటికంటే వెనకున్నదాని గురించే చెబుతున్నావు. టిక్కెట్టు కొన్నవాడికి ముందెవడున్నాడో కావాలయ్యా, వెనకెవడున్నాడో ఎందుకు?"

"వెనకున్నవాడూ మనిషే కదండీ."

"మనిషే. వాడి గురించి ఇంటికెళ్ళాక మాట్లాడుకో."

ఇంటికెళ్ళాకే కదా అసలు చిక్కు. ఆ పదకొండో నంబరు నడుపుతున్నది అతని బావమరిది. ముప్పై ఏళ్ళు నిండినా ఇంట్లో అందరికీ పండు. కారు మీద కూడా అదే రాయించుకున్నాడు. కొడుకు పందెం చూడడానికి అత్తగారు మొట్టమొదటిసారి ఆ ఆదివారమే వచ్చింది. పొద్దున అతను చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే భార్య తేల్చి చెప్పేసింది.

"శుక్రవారం ప్రాక్టీసులో మావాడి పేరు చెప్పలేదు. నిన్నా చెప్పలేదు. ఇవాళ అమ్మ వస్తోంది. రౌండుకొక్కసారైనా వాడి పేరు వినపడాలి. లేదా, మీరొక్కరే సామాను సర్దుకుని మీ అక్క ఇంటికి పోదురుగాని."

ఇల్లు అత్తగారిది. మైకు మేనేజరుది. నోరొక్కటే అతనిది, అదీ నెల జీతానికి ఇచ్చేశాడు.

నాలుగో రౌండు. పైకప్పు లేని ఒంటిసీటు కార్లు, నాలుగు చక్రాలూ బయటపెట్టుకుని, అనౌన్సరు గది కిందనుంచి కందిరీగల్లా దూసుకుపోయాయి. అద్దాలు గడగడలాడాయి.

"అందరికంటే ముందు ఒకటో నంబరు!" అన్నాడు అనౌన్సరు. మేనేజరు తలూపాడు. "ఒకటో నంబరుకీ మన పండుకీ మధ్య తేడా నలభై సెకన్లు!"

"ముందువాడికీ రెండోవాడికీ మధ్య తేడా చెప్పవయ్యా!"

"చెబుతున్నానండీ." మళ్ళీ మైకందుకున్నాడు. "రెండోవాడు పండుకి ముప్పై తొమ్మిది సెకన్ల ముందున్నాడు. తీసివేత చేసుకుంటే మిగతాది మీకే తెలుస్తుంది!"

బాగా వెనకబడ్డ కారుకి, ముందువాళ్ళకి దారి వదలమని నీలం జెండా చూపిస్తారు. ఎనిమిదో రౌండునుంచీ ఆ జెండా పండు కోసమే ఊగింది. అడగబోయిన వరం దానంతటదే వచ్చి ఒళ్ళో పడింది.

"నీలం జెండా, పండుకి!" అన్నాడు. తర్వాతి రౌండులో "మళ్ళీ పండుకే!" అన్నాడు. ఆ తర్వాత "ఎంత మర్యాదగా పక్కకి జరిగాడో చూడండి పండు! దారివ్వడంలో ఇతన్ని మించినవాడు ఈ ట్రాక్ మీద లేడు!" అన్నాడు.

పంతొమ్మిదో రౌండులో మేనేజరు ఫోను పెట్టేసి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"రేసుకి డబ్బు పెట్టింది టైర్ల కంపెనీ. వింటుంటే పండ్లరసం ప్రకటనలా ఉందట వాళ్ళకి. ఇక చెప్పడాల్లేవు. ఆఖరి రౌండులో ఆ పేరు వినపడిందో, నీ ఉద్యోగం ఊడినట్టే."

ఇరవయ్యో రౌండు. ఒకటో నంబరూ ఐదో నంబరూ చక్రానికి చక్రం తగిలేంత దగ్గరగా ఆఖరి మలుపు తిరిగాయి. జనం లేచి నిలబడ్డారు. ఏ అనౌన్సరైనా ఇలాంటి ఒక్క క్షణం కోసమే గొంతు దాచుకుంటాడు. ఇతనూ పద్నాలుగేళ్ళుగా దాచుకున్నాడు.

పంతొమ్మిది రౌండ్లకి పంతొమ్మిదిసార్లయింది. ఇంకొక్కటే మిగిలింది. మేనేజరు చెయ్యి మైకుకి జానెడు దూరంలో ఉంది. అత్తగారేమో గుమ్మంలో పడ్డ పాల ప్యాకెట్లనే రెండుసార్లు లెక్కపెట్టే మనిషి.

ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు అనుకున్నాడు. ఈ వయసులో అక్క ఇంటి వరండాలో పడుకోలేడు.

"అదిగో పండు!" అని అరిచాడు. "అవతలి మలుపులో! ఒక్కడే, ఎవరికీ అడ్డం లేకుండా, ఎంత నింపాదిగా వస్తున్నాడో చూడండి!"

స్టాండు స్టాండంతా అవతలికి తల తిప్పింది. ఇవతల గీత మీద రేసు ముగిసిపోయింది.

మేనేజరు మైకు లాక్కున్నాడు. తిట్టలేదు. "గుర్తింపు కార్డు బల్లమీద పెట్టి వెళ్ళు," అన్నాడంతే.

"గెలిచింది ఐదో నంబరండీ. చెప్పేసి వెళ్ళనా?"

"నేను చెప్పుకుంటాలే. నువ్వు దిగు."

ఇనప మెట్లు దిగుతుంటే అతనికి పెద్దగా బాధనిపించలేదు. పోయింది ఉద్యోగమే, కొంప నిలబడింది. ఇరవైకి ఇరవై. బళ్ళో చదివిన నాలుగు రోజుల్లోనూ ఇన్ని మార్కులు రాలేదు.

స్టాండు సగం ఖాళీ అయింది. భార్యా అత్తగారూ మూడో వరసలో కూర్చునే ఉన్నారు. అతను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"ఉద్యోగం పోయిందండీ," అన్నాడు.

"ఆఁ?" అంది అత్తగారు. తల పక్కకి వంచి, ఈ చెవిలోంచి ఒకటీ ఆ చెవిలోంచి ఒకటీ, రెండు పెద్ద దూది ఉండలు బయటికి లాగింది. పక్కన కూతురూ లాగింది.

"ఏం రొదండీ బాబూ! మొదటి కారు కదలగానే పెట్టుకున్నవి, ఇప్పుడే తీస్తున్నాం. ఇంతకీ అల్లుడుగారూ, మా పండు పేరు ఒక్కసారన్నా చెప్పారా?"