గేటు కాడ కూర వాసన

"ఏం కూర తెచ్చినవ్ బిడ్డా? జర మూత తియ్యి."

బమ్రోలిలోని ఆ మగ్గాల కార్ఖానాలో రుచితకు ఎదురైన మొదటి ప్రశ్న అది.

అడిగింది గేటు దగ్గర కూర్చున్న బక్కయ్య. ఒక చేతిలో జ్వరం చూసే యంత్రం, ఇంకో చేయి ఆమె టిఫిన్ డబ్బా మీద.

రుచితకు పెళ్లయి నెల కాలేదు. గోరింటాకు పండిన చేతులతోనే హెచ్‌ఆర్ ఉద్యోగంలో చేరింది.

"కరోనా దెబ్బకు సగం మంది ఊళ్లకు పోయారు. ఉన్నవాళ్లు దీపావళి దాకా వదిలి పోకుండా చూడు. నీ ఉద్యోగం పక్కా," అన్నాడు సేఠ్.

ఆ ఒక్క మాటకే ఆమె భర్త శ్యాంసుందర్‌ను డుమస్ బీచ్‌కు తీసుకెళ్లి టమాటా భజియా తినిపించింది.

రోజూ ఆమె డబ్బా కట్టేది శ్యాంసుందరే. ఏం పెట్టాడో చెప్పడు. మధ్యాహ్నం మూత తీయడం ఆమెకొక పండగ.

ఆ పండగను పొద్దున్నే గేటు దగ్గర పాడు చేస్తున్నాడు బక్కయ్య.

ఆమెదే కాదు, అందరి డబ్బాలూ తెరిపిస్తాడు. తన మాస్కు కిందికి లాగి గట్టిగా పీలుస్తాడు. "ఏం పరమేశ్వర్, ఇయ్యాల ఎల్లిపాయ కారమేనా?" అంటూ అవతలివాడి మాస్కు పైన కళ్లలోకి చూస్తాడు. తర్వాత పని పంచే మాస్టర్ రఘుపతి చెవిలో ఏదో ఊదుతాడు.

ఒకరోజు ఇంట్లో మొదటి పోట్లాట. ఆ గొడవలో పప్పు మాడింది. మాడిన పప్పే డబ్బాకెక్కింది.

బక్కయ్య పీల్చి, ఆమె కళ్లలోకి చూశాడు. "అబ్బ, కమ్మగుంది బిడ్డా."

"ఎటకారమా తాతా?"

"ఎటకారమెందుకు? ముందుగాల మీ ఆయనకు ఫోన్ చెయ్యి పో. పని యాడికి పోదు."

ఫోనైతే చేసింది. అవతల శ్యాంసుందర్ నవ్వాడు, ఇవతల ఆమె నవ్వింది. కోపమంతా తాత మీద మిగిలింది.

మర్నాడే సేఠ్ దగ్గరికి వెళ్లింది.

"కరోనా రోజుల్లో అందరి డబ్బాల్లో ముక్కు పెట్టడమేంటి సేఠ్? స్టాండు యంత్రం కొందాం. మనిషి అక్కర్లేదు."

యంత్రం వచ్చింది. నుదురు చూపిస్తే ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. రుచిత మురిసిపోయి ఫోటో తీసి శ్యాంసుందర్‌కు పంపింది.

"మంచిగుంది బిడ్డా. పోరగాండ్లను జర చూసుకో," అని బక్కయ్య వెళ్లిపోయాడు.

వారం తిరక్కముందే పరమేశ్వర్ పక్క సాంచా మగ్గం అతని గల్లా పట్టుకున్నాడు. ఇద్దరూ పని మానేశారు. వాళ్ల వెనక ఇంకొందరు. సాంచాలు ఒక్కొక్కటే ఆగుతున్నాయి.

"పరమేశ్వర్ మంచోడే గదా మాస్టర్?"

"మంచోడే మేడం. ఊర్ల వాళ్లవ్వకు పానం బాగలేదట. బక్కయ్య ఉన్నప్పుడు పొద్దుగాల్నే చెప్తుండె, ఫలానోని మనసు మంచిగ లేదు, తేలిక పని ఇయ్యి, వాని జోలికి పోకు అని. మీ యంత్రం జ్వరం చెప్తది. గది చెప్తదా?"

"ఆయనకెట్ల తెలుస్తుండె?"

"కూర వాసన పట్టి మేడం. ఇంట్ల లొల్లయితే కూర చెప్పదా?"

రుచితకు మాడిన పప్పు గుర్తొచ్చింది. వెంటనే నవ్వొచ్చింది.

ఆ సాయంత్రమే శ్యాంసుందర్ బండి మీద బక్కయ్య ఉండే వడోద్‌కు బయల్దేరింది. ఒళ్లో వేడివేడి గుత్తివంకాయ కూర డబ్బా.

"మూత తీస్తే చాలు, ఆయనే బండెక్కేస్తాడు చూడు," అంది భర్త వీపు తట్టి.

తలుపు తీసింది బక్కయ్య భార్య కనకవ్వ.

"లేడు బిడ్డా. మీ ఎదురు కార్ఖానా సేఠు పిలిచి గేటు కాడ పెట్టుకున్నడు. మీ పరమేశ్వర్ వాళ్లు గూడ ఆడనే జేరిండ్రట."

అంటే తన పక్కా ఉద్యోగం కూడా ఎదురు గేట్లోకి నడిచి వెళ్లినట్టే.

అయినా రుచిత డబ్బాను ఆమె చేతిలో పెట్టింది.

"తాతకు ఇయ్యి అవ్వా. ఈ వాసన చూసి నన్ను మాఫ్ చేస్తడేమో."

కనకవ్వ మూత కొంచెం ఎత్తి చూసి నవ్వింది.

"తినుడైతే ఇష్టంగ తింటడు బిడ్డా. వాసన మాత్రం మొదటి కరోనాల పోయింది, ఇప్పటిదాంక ఆయన ముక్కుకు రానేలేదు."