పీకల్లోతు

"డాడీ, అద్దం మసకేసింది. చేపలు కనపడ్డం లేదు."

స్తుతి తన కళ్ళజోడు తీసి ప్రకాష్ చేతిలో పెట్టింది. కళ్ళనీ ముక్కునీ కలిపి మూసే రబ్బరు కళ్ళజోడు. నీళ్ళలో మొహం ముంచి చేపల్ని చూడ్డానికి ఓడవాళ్ళిచ్చారు.

కొచ్చిలో ఎక్కిన ఓడ ఆ పూట లక్షద్వీప్‌లో ఒక దీవి దగ్గర ఆగింది. చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకి దించుతున్నారు.

"ఉమ్మేసి లోపలంతా రుద్దమన్నాడుగా గైడు. ఉమ్మెయ్."

పిల్ల నవ్వుతూ ఉమ్మేసింది. ప్రకాష్ బొటనవేలితో అద్దం మీద, చుట్టూ ఉన్న రబ్బరు మీద రుద్దాడు.

ఒడ్డునే కూర్చుని అన్నం తిని అప్పుడే లేచాడతను. ఓడ తిండి సయించక, చిలకలూరిపేట నుంచి తెచ్చుకున్న పండుమిరపకాయ పచ్చడి కలుపుకుని తిన్నాడు. తిన్నాక సముద్రంలో చెయ్యి ఆడించి ప్యాంటుకి తుడుచుకున్నాడు, అంతే.

వెనకనుంచి ఎవరో వచ్చి కళ్ళజోడు లాక్కున్నారు.

చెంచయ్య.

ఆయనదీ పేట పక్క ఊరేనని ఓడలో ఎవరో చెప్పారు. మిర్చి రైతు. ఓడెక్కిన రోజే ప్రకాష్ దణ్ణం పెట్టి, "ఏ ఊరండీ మనది?" అని పలకరించాడు. చెంచయ్య తలాడించి పక్కకి తిరిగాడు. ఒక్క మాట లేదు. భోజనాల దగ్గరా అంతే. పళ్ళెం పట్టుకుని గదిలోకి పోయేవాడు.

ఆ రకం ప్రకాష్‌కి కొత్త కాదు. మెళ్ళో సిలువ చూడగానే బిగుసుకుపోయే నోళ్ళని చిన్నప్పట్నుంచీ చూశాడు.

చెంచయ్య మోకాళ్ళ లోతుకి దిగి కళ్ళజోడు కడిగాడు. మళ్ళీ ముంచాడు. మళ్ళీ కడిగాడు.

ప్రకాష్ ఒళ్ళు మండింది.

"ఏంది పెద్దాయనా, నా చెయ్యి తగిలితే మైలపడిందా?"

చెంచయ్య తల అడ్డంగా ఊపాడు. ప్రకాష్ చెయ్యి వైపు చూపించాడు.

"ఆఁ, ఈ చెయ్యే! మీ చేలల్లో కాయలు కోసిన చెయ్యే. దోసిలి పడితే పైనుంచి నీళ్ళు పోశారే, ఆ చెయ్యే. ఇవాళ బ్రాడీపేటలో మీ పిల్లలకి లెక్కలు చెప్తోంది!"

చెంచయ్య వేలు తన కంటి దగ్గర పెట్టుకుని ఏదో చెప్పబోయాడు.

"కళ్ళెర్రజేస్తే వణికే రోజులు పోయినయ్. నోరుంటే మాట్లాడు."

చెంచయ్య పెదాలు కదిలాయి. మాట రాలేదు.

"పోనీ డాడీ," అంది స్తుతి.

"నువ్వుండు."

ప్రకాష్ కళ్ళజోడు లాక్కున్నాడు. చెంచయ్య మొహం ముందే పెట్టి, అదే బొటనవేలితో ఇందాకటికన్నా గట్టిగా రుద్దాడు.

"పో అమ్మా. ఎవడాపుతాడో చూస్తా."

భార్య రెబ్కా పోయాక అతనికి మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. తల్లి పోయిన దిగులు మరిపిద్దామని ఇంత దూరం తీసుకొచ్చాడు.

స్తుతి ఒంటి మీద తేలే జాకెట్ ఉంది. గైడు అవతల ఇంకో గుంపు దగ్గరున్నాడు. పిల్ల కళ్ళజోడు బిగించుకుని మొహం నీళ్ళలో పెట్టింది.

అంతలోనే కేక.

"మంట! డాడీ, కళ్ళు మంట!"

కళ్ళజోడు పీకేసింది. ఉప్పునీళ్ళు కళ్ళలో పడ్డాయి. రెండు చేతులతో నులుముకుంది. మంట ఇంకా ఎక్కువైంది.

ప్రకాష్ తన బొటనవేలు చూసుకున్నాడు. గోటి సందున ఎర్రగా ఉంది.

"స్తుతీ! ఇటు! ఇటు రా!"

పిల్లకి ఒడ్డెటో తెలియలేదు. గుడ్డిగా కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ అటే పోతోంది, పగడపు దిబ్బ తెగిన చోటికి. అక్కడ నీళ్ళు సముద్రంలోకి లాగుతాయని గైడు పొద్దున్నే చెప్పాడు.

ప్రకాష్ నడుం లోతు దాకా పరిగెత్తాడు. అక్కడ ఆగిపోయాడు. అతనికి ఈత రాదు.

"ఎవరన్నా పట్టుకోండయ్యా! నా బిడ్డ!"

చెంచయ్య అతన్ని దాటుకుని వెళ్ళాడు. ఆయనకీ ఈత వచ్చినట్టు లేదు, నడుస్తున్నాడు. ఛాతీ లోతులో ఒక్క క్షణం ఆగాడు.

మళ్ళీ అడుగేశాడు.

పీకల్లోతుకి పోయి జాకెట్ పట్టీ అందుకున్నాడు. పిల్లని లాగి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ప్రకాష్ వైపు తోశాడు.

అప్పుడొచ్చింది చిన్న అల. గడ్డం తడిపి పోయింది, అంతే. ఆ మాత్రానికే చెంచయ్య మునిగిపోయాడు.

గైడు ఈదుకుంటూ వచ్చి ఆయన్ని ఒడ్డుకి లాక్కొచ్చాడు.

స్తుతి గుక్కపట్టి ఏడుస్తోంది. ఎవరో సీసాలో మంచినీళ్ళతో కళ్ళు కడుగుతున్నారు. దానికేం కాలేదు.

ప్రకాష్ ఇసకలో చెంచయ్య పక్కన కూలబడ్డాడు. కాలేజీలో నేర్చుకున్న ప్రథమ చికిత్స గుర్తు తెచ్చుకున్నాడు. ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి ఊదాడు. ఛాతీ లేవలేదు. మళ్ళీ ఊదాడు.

"బాబాయ్! లే బాబాయ్!"

ఎంత ఊదినా ఛాతీ లేవలేదు.

ఇంకో పడవ ఒడ్డుకి చేరింది. చెంచయ్య భార్య సుబ్బరావమ్మ దిగింది. ఓడెక్కింది మొదలు వాంతులతో గదిలోనే పడుకుని, ఇప్పుడే తేరుకుని వస్తున్న మనిషి. గుంపుని చూసి పరిగెత్తుకొచ్చింది. ప్రకాష్ రెక్క పట్టి అవతలికి లాగింది.

"నోట్లో ఊదుతావేందయ్యా! అక్కడ కాదు!"

మెడ దాకా పెట్టిన చొక్కా గుండీలు తెంపేసింది.

చెంచయ్య మణికట్టు పట్టుకుని చూస్తున్న గైడు, ఆ చేతిని మెల్లగా ఇసక మీద పెట్టేశాడు.

"కేన్సరని గొంతు తీసేశారయ్యా ఈయనకి," అంది సుబ్బరావమ్మ. "స్నానానికి కూడా చెంబు ఛాతీ పైకి ఎత్తడు. నీళ్ళలోకి ఎందుకు దిగాడు? ఎవరు దింపారు?"

ప్రకాష్ చూశాడు: మెడ అడుగున రూపాయి బిళ్ళంత కన్నం, రెండేళ్ళుగా చెంచయ్యకి ఊపిరాడే దారి అదొక్కటే, దాన్నిండా సముద్రం నీళ్ళు.