కుండలో కాయలు

అనగనగా ఒక చింతతోపులో పందికొక్కు వేరుశనక్కాయల కొట్టు పెట్టింది. ఉడుత కొన్న కాయలు ఇంటికెళ్లి ఒలిస్తే సగం పుచ్చులే. ఒళ్లు మండిపోయి, మూట వెనక్కి తెచ్చి కొట్టు ముందు కుమ్మరించింది.

"కాయలమ్ముతున్నావా మావా, పురుగులకి చొక్కాలు తొడిగి అమ్ముతున్నావా?"

పందికొక్కు నొచ్చుకోలేదు. "కోప్పడకమ్మా," అంటూ పీట కింద దాచిన కుండలోంచి గుప్పెడు కాయలు తీసి కొసరేసింది. తిట్టినవాళ్లందరికీ అదే మర్యాద. కొసరు అందగానే కాకి నోరు మూసుకుని ఎగిరిపోయేది. కుందేలైతే కొనకముందే తిట్లు లంకించుకునేది. అమ్మే బస్తాలో పుచ్చులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఉడుత కొసరు కాయ ఒకటి కొరికింది. కమ్మగా ఉంది. ఇంకోటి కొరికింది. అదీ కమ్మగానే ఉంది. దాని తోక నిక్కబొడుచుకుంది.

మర్నాడు కొట్టు ముందు జనం కిటకిటలాడుతుంటే ఉడుత సంచీ చాపింది.

"శేరు కాయలు కొలిచిపెట్టు మావా. కొలిచేవి ఆ కుండలోవి. కొసరుకి బస్తాలోవి వెయ్యి, ఏమనుకోను."

అందరి కళ్లూ పీట కిందికి వెళ్లాయి. పందికొక్కు గబుక్కున కుండకి అడ్డంగా కూర్చుంది.

"నాకూ అలాగే మావా," అంది కుందేలు, మొదటిసారి తిట్టకుండా.