మేము, మనం, నోసోత్రోస్

“స్పానిష్‌లో ‘నోసోత్రోస్’ ఒక్కటే. మేము అన్నా అదే, మనం అన్నా అదే,” అంది టీచరు బోర్డు మీద రాస్తూ.

నోట్సు రాసిపెడుతుందని భార్యను కూడా సాయంత్రం కాలేజీ క్లాసులో చేర్పించిన బీమా ఏజెంటుకు అది బొత్తిగా నచ్చలేదు.

“అదేం భాషండీ. మన తెలుగే నయం. ఎదుటివాళ్ళని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఎంత హాయి.”

“ఏదీ, మీ ఇంటి గురించి ఓ ఉదాహరణ చెప్పండి.”

“ఇంట్లో మేము ముగ్గురం. నేను, అమ్మ, చెల్లి.”

“మరి మీ పక్కనున్న ఈవిడ?”

భార్య రాస్తున్న కలం ఆపకుండానే అంది.

“నన్ను కలుపుకునే మాట కూడా ఆయనకి వచ్చు మేడమ్. మనం గిన్నెలు కడిగెయ్యాలి, మనం బట్టలు ఆరెయ్యాలి అంటారు. ఆ మనంలో నేనొక్కదాన్నే ఉంటాను.”

క్లాసంతా గొల్లుమంది. టీచరు నవ్వాపుకుంటూ, నోసోత్రోస్‌తో పది వాక్యాలు రాసుకు రమ్మంది.

“ఇంటికెళ్ళగానే ఇవి మనం...” అంటూ భార్య వైపు తిరిగిన ఏజెంటు అక్కడే ఆగిపోయాడు.

నోట్సు పుస్తకాన్ని మెల్లగా తన ముందుకు లాక్కున్నాడు.