పదిహేనో పేరు

"పద్నాలుగే," అన్నాడు నరహరి సార్, బోర్డు మీది అంకెను చాక్‌పీసుతో తట్టి. "అయిదింటి లోపల ఇంకొక్కరు చేరకపోతే బీఏ గ్రూపు ఎత్తేస్తరు."

పోచవ్వ తలెత్తి చూసింది. ఆఫీసు గది గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. పక్కన కూతురు షారోన్ చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ నిలబడింది. నంగునూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి సిద్దిపేటలోని ఈ కాలేజీకి వచ్చారిద్దరూ.

"సీట్లెన్ని సార్?"

"అరవై."

"అరవైకి పద్నాలుగు మందేనా! మరి పోయినేడు?"

"ముప్పై ఒక్కరు చేరిన్రు."

"వాళ్లన్న ఉన్నరా?"

సార్ చాక్‌పీసు టేబుల్ మీద పెట్టాడు. "పంతొమ్మిది మంది ఉన్నరు. కొందరికి పెండ్లిళ్లయినయి. కొందరు హైదరాబాద్ల కొలువులకు పోయిన్రు."

"అయ్యో యేసయ్యా!" అడగకపోతే భయం, అడిగితే ఇంకా భయం పోచవ్వకు. "గ్రూపు ఎత్తేస్తే నా బిడ్డ గతేంది?"

"కరీంనగర్ కాలేజీకి మారుస్తరు. హాస్టల్ల ఉండాలె. ఏడాదికి నలభై వేలన్న అయితయి."

"నలభై వేలా? పైసలట్లుంచున్రి, పిల్లను గంత దూరం ఎట్ల తోలియ్యాలె? జరమొస్తే చూసేదెవరు? మరి మార్కుల మెమోలు? అసలు కాయితాలన్నీ మీ దగ్గర్నే ఉన్నయి గద, అవి కూడ గాడికే పోతయా?"

"పోతయి. వద్దనుకునేటోళ్లు అయిదింటి లోపల ఫోన్లనే సీటు రద్దు చేసుకుంటే, మెమోలు ఇక్కడే చేతికిస్తం. గా మాట ఇప్పుడెందుకమ్మా, ఒక్కరే గద తక్కువ!"

"ఆ ఒక్కరే దొరకకపోతే? మెమోలు పోతే మల్లెవరిస్తరు? పదిరోజుల సంది కంటికి కునుకు లేదు సార్. నేనెప్పుడో చెప్పిన, నాకీ కాలేజీ సంగతే భయమైతుందని."

షారోన్ తల్లి ముఖంలోకి చూసింది. స్నేహితురాలు సింధుజను వెతుక్కుంటూ వరండాలోకి వెళ్లిపోయింది.

నరహరి సార్ మళ్లీ ఫోన్లు మొదలుపెట్టాడు. "బాలరాజూ, మీ బిడ్డ... ఓ, నర్సింగ్ల చేరిందా? సరే తీ." కాగితం మీద ఇంకో పేరు కొట్టేశాడు.

పోచవ్వ సంచి బోర్లించింది. మెమోలు తీసుకున్నట్టు కాలేజీ ఇచ్చిన రసీదు కావాలామెకు. అదైనా చేతిలో ఉంటే ధైర్యం. రేషన్ కార్డు, ఆధార్లు, ఇంటి పన్ను చిట్టీ, మొగుడు యోబు ఆరోగ్యశ్రీ కార్డు, అన్నీ టేబుల్ మీద పడ్డాయి. ఇంటికి నిప్పంటుకుంటేనో, దొంగలు పడితేనో అని ఎక్కడికి వెళ్లినా ఇంట్లోని కాగితాలన్నీ వెంట మోసుకుపోయే అలవాటామెది.

పోచవ్వ ఫోన్ టింగుమంది. కిటికీ అవతల షారోన్ నిలబడి ఉంది, చేతిలో సింధుజ ఫోను.

"అమ్మా, మెసేజ్ల నంబరొచ్చింది చూడు. చదువు."

ఇంట్లో అందరి కాగితాల మీదా ఉన్నది పోచవ్వ నంబరే. ఆమె ఒక చేత్తో రసీదు వెతుకుతూనే ఆరంకెలూ చదివింది. షారోన్ తలూపి పక్కకు వెళ్లింది.

"ఇదెవరిదమ్మా?" నరహరి సార్ కుప్పలోంచి ఒక పాత కాగితం తీశాడు. "ఇంటర్ మెమో. పేరు పోచవ్వ అని ఉన్నది."

"నాదే సార్. అంగన్‌వాడీల టీచర్ కొలువొస్తదంటే ఓపెన్ స్కూల్ల రాసి పాసైన. కొలువు రాలే. కాయితం మిగిలింది."

సార్ చేతిలోని ఫోను కింద పెట్టేశాడు. "అయితే మీరే చేరున్రి."

"ఏందీ?"

"చదువుకు వయసు అడ్డం లేదు. పదిహేనో పేరు మీదే!"

కంప్యూటర్ ముందున్న క్లర్కు రోజారాణి పకపకా నవ్వింది. "తల్లీబిడ్డలు ఒక్క బెంచీ మీదనే కూసోవచ్చు. ఇంటికాడ మీ ఆయన వండి పెడ్తడు."

"నవ్వకు బిడ్డా. ఫెయిలైతే? ఊర్ల తెలిస్తే మొకం ఎట్ల సూపియ్యాలె? మరి ఫీజు?"

"ఎనిమిది వేలు. అది నేను చూసుకుంట," అన్నాడు సార్. "ఈ గ్రూపు పోతే నా కొలువూ పోతదమ్మా."

పోచవ్వ గడియారం చూసింది. అయిదుకు ఇరవై తక్కువ. సార్ చేతిలోని పాత మెమో తీసుకుని రోజారాణి ముందు పెట్టింది.

"రాయి బిడ్డా. నా పేరు రాయి."

రోజారాణి వేళ్లు టకటకలాడాయి. పోచవ్వ ఫోన్ మళ్లీ టింగుమంది.

"నంబరొచ్చింది, చదువున్రి," అంది రోజారాణి.

"ఎవ్వరికీ చెప్పొద్దని బ్యాంకోళ్లు చెప్పిన్రు గద?"

"మేం బ్యాంకు కొల్లగొట్టంగానీ, చదువమ్మా!"

పోచవ్వ ఒక్కొక్క అంకె చదివింది. నరహరి సార్ బోర్డు మీది పద్నాలుగును అరచేత్తో తుడిచి, పెద్దగా పదిహేను వేశాడు.

"మీ బిడ్డ చదువును మీరే నిలబెట్టిన్రు," అన్నాడు.

పోచవ్వ కాగితాలన్నీ సంచిలోకి సర్దుకుంది. ఈ మాట షారోన్‌కు ఎలా చెప్పాలా అనుకుంటే సిగ్గూ, నవ్వూ కలిసి వచ్చాయి. బిడ్డతో పాటు బస్సులో రావచ్చు, పోవచ్చు. దానికి జ్వరమొస్తే పక్కనే తను ఉంటుంది. పదిరోజుల తర్వాత మొదటిసారి వెన్ను కుర్చీకి ఆనించి కూర్చుంది.

అయిదు కొట్టింది. దరఖాస్తుల పేజీ మూసుకుపోయింది. రోజారాణి పేర్ల జాబితా ప్రింటు తీసి, వేలు పెట్టి లెక్కపెట్టింది. మొహం చిట్లించి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"సార్... పద్నాలుగే ఉన్నయి."

"ఈమె పేరు ఎక్కలేదా?"

"ఎక్కింది. ఆఖరుది ఈమెదే."

గుమ్మంలో షారోన్ కనిపించింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదవుల మీద మాత్రం నవ్వు తెచ్చుకుంది. వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"మెమోలు తీస్కొని లే అమ్మా, ఇంటికి పోదాం. ఇగ నీకే భయం లేదు, ఇందాక నువ్వు చదివిన నంబరుతోనే నా సీటు రద్దు చేసిన."