కాపలా మారింది

"రౌటర్ మార్చడానికి వచ్చాను సార్" అంది కాలింగ్ బెల్ స్పీకర్లోంచి ఒక గొంతు.

ఇంటాయన ఫోన్‌లో చూశాడు. కెమెరాలో కంపెనీ టోపీ, భుజానికి పనిముట్ల సంచీ, ముప్పై ఏళ్ళ మనిషి. ఫోన్ మీద వేలు ఆనించాడు. వీధి తలుపు టక్కున తెరుచుకుంది. ఆ తలుపుకి గడియ లేదు, పిడి లేదు. లోపలినుంచైనా, బయటినుంచైనా ఆయన ఫోన్ చెబితేనే తెరుచుకుంటుంది. పెళ్ళయిన నెలకే అలా చేయించాడు.

"నిన్న ఫోన్ చేసింది నేనే సార్. మీ మోడల్ తయారీ ఆపేశారు. బదులు కొత్తది ఇస్తున్నాం" అన్నాడు మెకానిక్.

"పిలవకుండానే వచ్చే కంపెనీని ఇన్నాళ్ళకి చూశాను" అని నవ్వాడు ఇంటాయన.

గోడకున్న పాత రౌటర్ మామూలు రౌటర్ కాదు. ఇంటికి కాపలా అని చెప్పి అమ్మారు. దొంగల సంగతేమోగాని, ఐదేళ్ళుగా అది కాపలా కాసింది ఒక్క భార్యకే. సిమ్ లేని తన ఫోన్‌లోంచి ఆమె ఎవరికి మెసేజ్ పెట్టబోయినా అది అక్కడే ఆపేసి, ఆయన ఫోన్‌లో గంట కొట్టేది. తలుపు, కెమెరాలు, అన్నీ దాని చెప్పుచేతల్లోనే. రిజిస్ట్రార్ ఆఫీసు పెళ్ళికి ఆమె తరఫున ఒక్క మనిషిని కూడా ఆయన రానివ్వలేదు. ఆ తరవాత ఎవరి ఊసూ ఎత్తనివ్వలేదు.

పోయిన వారం కంపెనీ ఆ మోడల్‌ని గాలికొదిలేసింది. ఆ రోజు నెట్ వస్తూనే ఉన్నా, రౌటర్ కాపలా మానేసి గంటసేపు కళ్ళు మూసుకుంది. ఆయన ఆఫీసు నుంచి పరుగున వచ్చి, ఈ గంటలో ఏం చేశావని భార్యని అడిగాడు. ఏమీ చెయ్యలేదంది. చిటికెన వేలు విరిచి మళ్ళీ అడిగాడు. అదే జవాబు.

మెకానిక్ స్టూలెక్కి పాత రౌటర్ ఊడదీశాడు.

"అక్కా, కాసిని మంచినీళ్ళిస్తారా?"

"అక్కట! గుమ్మంలోకి వచ్చాడో లేదో, చుట్టరికం కలిపేశాడు" అన్నాడు ఇంటాయన.

"అలవాటు సార్."

ఆమె గ్లాసు తెచ్చింది. కంటి కింద కమిలి నల్లబడింది. వేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. గ్లాసు జారి నీళ్ళన్నీ ఇంటాయన బూట్ల మీద పడ్డాయి.

చెంప మీద పడ్డ దెబ్బకి ఆమె తల గోడకి కొట్టుకుంది. లేవబోయింది. పాత రౌటర్ కేబుల్ వీపు మీద చెళ్ళుమంది. మళ్ళీ చెళ్ళుమంది. మూడో దెబ్బకి ఆమె అరవడం మానేసింది. చిట్లిన పెదవి నుంచి రక్తం గ్లాసు ముక్కల మీద పడుతోంది.

మెకానిక్ చూశాడు. చూసి, గోడవైపు తిరిగి స్క్రూ బిగించుకున్నాడు. ఇలాంటివాళ్ళని చూస్తే ఒళ్ళు మండిపోతుంది. అడ్డం వెళ్ళకపోతే పోయె, నోరైనా విప్పొచ్చుగా! విప్పలేదు. కేబుల్ చివర ప్లగ్గు తొడగబోయి రెండుసార్లు పాడుచేశాడు. మూడోసారి పటకారు జారి అరచెయ్యి కోసుకుంది.

"పనికి కొత్తా ఏంటి?" అన్నాడు ఇంటాయన, కేబుల్ చేతికి చుట్టుకుంటూ.

"ఇవాళ చెయ్యి మాట వినట్లేదు సార్."

"ఇక్కడ చూసింది బయటెక్కడైనా వాగావంటే..."

"నాకెందుకు సార్. నేను వచ్చిన పని వేరు."

ఇంటాయనకి ఆ మాట నచ్చింది. కేబుల్ పక్కన పడేశాడు.

"పాత పేరు, పాత పాస్‌వర్డే పెడుతున్నా సార్. మీ తలుపూ, కెమెరాలూ వాటంతటవే వచ్చి కలుస్తాయి."

"అదీ పనంటే! ఇది మళ్ళీ కళ్ళు మూసుకోదుగా?"

"మూసుకోదు సార్. ఇక ఈ ఇంట్లోంచి తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు."

కొత్త రౌటర్ మీద పచ్చలైటు వెలిగింది. ఇంటాయన ఫోన్‌లోకి తలుపు వచ్చింది. నాలుగు కెమెరాలూ వచ్చాయి.

"చివరగా సిగ్నల్ చూడాలి సార్. నాతో ఒకరు ఫోన్ పట్టుకుని గేటు దాకా నడవాలి. ఒకరు ఇక్కడే ఉండి లైటు చూడాలి. ఇదిగో, ఈ బటన్ తగిలిందంటే కాపలా మొత్తం ఆగిపోతుంది. జాగ్రత్తగల మనిషి ఉండాలి. మీరు నడుస్తారా?"

ఇంటాయన బటన్ వంక చూశాడు, భార్య వంక చూశాడు. ఆ బటన్ దగ్గర ఆమెని ఒంటరిగా వదలడమా?

"లైటు నేను చూస్తా. నీ ఫోన్ పట్టుకుని నువ్వెళ్ళు" అన్నాడామెతో. "కెమెరాలో కనిపిస్తూనే ఉంటావు. గేటు దాటావో, మిగతా తొమ్మిదీ విరుస్తా."

ఫోన్ మీద నొక్కాడు. తలుపు తెరుచుకుంది. ఐదేళ్ళ తరవాత ఆమె ఆ గడప దాటింది.

ఫోన్‌లో ఆమె కుంటుకుంటూ నడుస్తోంది. వెనకే మెకానిక్. లైటు పచ్చగానే ఉంది. గేటు దగ్గర ఆమె ఆగింది. మెకానిక్ గేటు తీశాడు.

మొదటి కెమెరా నల్లబడింది. తరవాత రెండోది, మూడోది, నాలుగోది.

తలుపు టక్కున మూసుకుంది.

ఇంటాయన ఫోన్ నొక్కాడు. "ఈ ఫోన్‌కి అనుమతి లేదు" అని వచ్చింది. మళ్ళీ నొక్కాడు. బూతులు తిడుతూ తలుపుని కాలితో తన్నాడు. భుజంతో గుద్దాడు. కిటికీలవైపు పరుగెత్తాడు. అన్నిటికీ తనే బిగించిన ఇనప చువ్వలు.

గుమ్మం పక్కన స్పీకర్ గరగరలాడింది. వచ్చినప్పటి గొంతే, అంతే నెమ్మదిగా పలికింది.

"అక్కని కారెక్కించాను, ఇప్పుడు నేనొక్కణ్ణే లోపలికి వస్తున్నాను, బావగారూ."